పింఛను రాదన్న ఉత్తరం



మిలిటరీలో చేసి వచ్చినవాళ్ళ ఇంట్లో నల్లటి ఇనప ట్రంకు పెట్టె ఒకటి ఉంటుంది. మూత మీద తెల్ల పెయింటుతో నంబరు, ర్యాంకు, పేరు. లోపల డిశ్చార్జి బుక్కు, పి.పి.ఓ. అనే పింఛను మంజూరు పత్రం, ఒకటో రెండో మెడల్సు, పాత గ్రూపు ఫోటో. కొందరి పెట్టెల్లో వీటన్నిటికీ అడుగున ఒక ఇంగ్లీషు ఉత్తరం కూడా ఉంటుంది. ఒక పేజీకి మించదు. మీ జబ్బు సర్వీసు వల్ల వచ్చింది కాదు, సర్వీసు వల్ల ముదిరిందీ కాదు, కాబట్టి డిజేబిలిటీ పింఛనుకు మీరు అర్హులు కారు అని అందులో ఉంటుంది. చివర్లో, కావాలంటే ఆరు నెలల్లోగా అప్పీలు చేసుకోవచ్చు అని ఒక వాక్యం. ఆ వాక్యం దాకా చదివినవాళ్ళు తక్కువ. చదివి అప్పీలు రాసినవాళ్ళు ఇంకా తక్కువ.

నేను సర్వీసులో చేసింది క్లర్కు పని. తుపాకీతో కన్నా టైపు మిషనుతోనే ఎక్కువ కాలం గడిపాను. అందుకే ఊళ్ళో ఎవరికి ఏ కాగితం వచ్చినా నా దగ్గరికి పట్టుకొస్తారు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి మా పక్కనే స్థిరపడిన ఒక మాజీ హవల్దారు ఉత్తరం నా చేతికిచ్చి, "పెద్ద డాక్టర్లు ముగ్గురు కూర్చుని రాసీసినారు కదండీ, ఇంకేటి చేస్తాం" అన్నాడు. ఇప్పుడు నేను చెప్పబోయేది ఆ మాటకు జవాబు. ముగ్గురు డాక్టర్లు రాసినంత మాత్రాన అయిపోలేదు. చాలామంది విషయంలో అసలు కేసు అక్కడే మొదలవుతుంది.

ముందు ఈ పింఛను ఏమిటో చెప్తాను. డిజేబిలిటీ పింఛనులో రెండు భాగాలు. చేసిన సర్వీసుకు వచ్చేది సర్వీస్ ఎలిమెంట్. శరీరానికి జరిగిన నష్టానికి వచ్చేది డిజేబిలిటీ ఎలిమెంట్. ఈ రెండో భాగం రావాలంటే 1961 నాటి ఆర్మీ పింఛను నిబంధనల్లో 173వ నిబంధన రెండు షరతులు పెట్టింది. ఆ దెబ్బ లేదా జబ్బు సర్వీసు వల్ల వచ్చినదై ఉండాలి, లేదా సర్వీసు వల్ల ముదిరినదై ఉండాలి. వైకల్యం 20 శాతానికి తగ్గకూడదు. ఈ షరతులతో, జబ్బు కారణంగా సర్వీసు మధ్యలోనే మెడికల్ బోర్డు పెట్టి పంపించేసిన జవానుకు ఇన్నేళ్ళు చేసి ఉండాలన్న పట్టింపు కూడా లేదు. అయిదారేళ్ళకే ఇంటికి వచ్చేసినవాళ్ళు "మనకు పింఛనుకు కావాల్సిన పదిహేనేళ్ళు నిండలేదు కదా" అని ఊరుకుంటారు. ఊరుకోనక్కర్లేదు.

శాతం దగ్గర తగువు తక్కువే. పేచీ అంతా మొదటి షరతు దగ్గరే. రిటైరయ్యే ముందు రిలీజ్ మెడికల్ బోర్డు కూర్చుంటుంది. జబ్బుతో పంపించేస్తుంటే ఇన్వాలిడింగ్ మెడికల్ బోర్డు. ఆ ఫారంలో ఒక గడి ఉంటుంది: ఈ జబ్బుకూ సర్వీసుకూ సంబంధం ఉందా? చాలా ఫారాల్లో అక్కడ "నానా" అని పడుతుంది. సర్వీసు వల్ల రానిదీ, సర్వీసు వల్ల ముదరనిదీ అన్న ఇంగ్లీషు మాటకు అది పొట్టి రూపం. దాని పక్కన కారణం రాయాలి. అక్కడ కనిపించేది ఒక్క లైను. జబ్బు శరీర తత్వానికి సంబంధించినది అనో, పీస్ స్టేషన్లో బయటపడింది అనో.

సంతలో ఎద్దును కొనేటప్పుడు రైతు ఏం చేస్తాడు? పళ్ళు చూస్తాడు, గిట్టలు చూస్తాడు, నాలుగడుగులు నడిపిస్తాడు. పదిహేనేళ్ళు దున్నించుకున్న తర్వాత అది కుంటితే, పుట్టుకతోనే కుంటిది అంటే ఊళ్ళో ఎవరైనా ఒప్పుకుంటారా? సైన్యంలో చేర్చుకునేటప్పుడు కుర్రాణ్ణి 1.6 కిలోమీటర్లు పరుగెత్తిస్తారు. ఛాతీ కొలుస్తారు. చెవులు, కళ్ళు, పళ్ళు, మోకాళ్ళు చూస్తారు. అరికాలు చదునుగా ఉంటే ఇంటికి పంపేస్తారు. అంత వడపోసి తీసుకున్నవాడికి సర్వీసులో ఫిట్స్ వస్తే, బీపీ వస్తే, మనసు దెబ్బతింటే, అది వాడి వెంట వచ్చిన జబ్బు అనడానికి ప్రభుత్వం దగ్గర ఆధారం ఉండాలి.

ఇది నేను కల్పించిన న్యాయం కాదు. 1982లో ప్రభుత్వమే చేసిన ఎంటైటిల్‌మెంట్ రూల్స్‌లో ఉంది. 5వ రూలు ప్రకారం, చేరేటప్పుడు కాగితం మీద ఏ జబ్బూ రాయకపోతే ఆ మనిషి పూర్తి ఆరోగ్యంతో చేరినట్టు లెక్క. 14(బి) ప్రకారం, చేరేటప్పుడు నమోదు కాని జబ్బు వల్ల డిశ్చార్జి అయితే అది సర్వీసులోనే పుట్టినట్టు మామూలుగా భావించాలి. 9వ రూలు మరీ ముఖ్యం. తనకు అర్హత ఉందని రుజువు చేసుకోవాల్సిన భారం జవాను మీద లేదు. సందేహం వస్తే ఆ సందేహం జవానుకు మేలు చేయాలి. ఇంత స్పష్టంగా రాసి ఉన్న నియమాలు దశాబ్దాల తరబడి అలమారాల్లో ఉండిపోయాయి, ఒక సిపాయి సుప్రీంకోర్టు దాకా మోసుకుపోయేవరకూ.

ఆ సిపాయి పేరు ధరమ్‌వీర్ సింగ్. సిగ్నల్స్ కోర్‌లో సుమారు తొమ్మిదేళ్ళు చేశాడు. ఫిట్స్ జబ్బు ఉందని, 20 శాతం వైకల్యమని తేల్చి 1994 ఏప్రిల్ 1 నుంచి ఇంటికి పంపేశారు. సర్వీసుతో సంబంధం లేదన్నారు. హైకోర్టులో సింగిల్ జడ్జి ఆయన పక్షాన తీర్పు ఇస్తే డివిజన్ బెంచి దాన్ని కొట్టేసింది. 2013 జులై 2న సుప్రీంకోర్టు మళ్ళీ ఆయనకే ఇచ్చింది. చేరేటప్పుడు జబ్బు నమోదు కాలేదు, అప్పట్లో దాన్ని ఎందుకు కనిపెట్టలేకపోయారో బోర్డు కారణం చెప్పలేదు, కాబట్టి పింఛను ఇవ్వాల్సిందే అని. ఆ తర్వాత 2015 ఫిబ్రవరిలో రాజ్‌బీర్ సింగ్ కేసులో, వేర్వేరు జబ్బులున్న పలువురు జవాన్ల విషయంలో అదే మాట మళ్ళీ చెప్పింది. 2025 మేలో రాజుమోన్ అనే జవాను కేసులో, కారణాలు రాయని మెడికల్ బోర్డు అభిప్రాయం మీద ఆధారపడి పింఛను కాదనడం చెల్లదంది. మీ ఉత్తరంలో "నానా" పక్కన ఒక్క లైనే ఉంటే, మీ అప్పీలు మొదలుపెట్టాల్సింది ఆ లైను దగ్గరే.

పీస్ స్టేషన్ వాదన గురించి ఒక మాట. సికింద్రాబాదులోనో జబల్పూరులోనో ఉండగా జబ్బు బయటపడితే, అది ప్రశాంతమైన చోటు కదా, ఒత్తిడి ఎక్కడిది అంటారు. ఆ చోటికి రాకముందు మూడేళ్ళు ఎక్కడున్నాడో ఫారంలోనే పోస్టింగుల పట్టికలో ఉంటుంది. గుండె జబ్బు వస్తే, అంతకు ముందు 14 రోజులు ఏ డ్యూటీలు చేశాడో చూడాలని సైనిక డాక్టర్ల మార్గదర్శక పుస్తకంలోనే ఉంది. ఆ పధ్నాలుగు రోజుల డ్యూటీ పట్టికను మీ అప్పీలుకు జతచేయండి.

అన్ని జబ్బులూ సర్వీసు వల్లనే వస్తాయని నేను అనడం లేదు. తాగి పడితే తగిలిన దెబ్బకు, తనంతట తాను చేసుకున్న గాయానికి ఈ పింఛను రాదు, రాకూడదు కూడా. యాన్యువల్ లీవులో ఉండగా సొంత పని మీద వెళ్ళి మోటారు సైకిలు మీంచి పడితే కోర్టులు సర్వీసుతో సంబంధం అడుగుతాయి. అదే క్యాజువల్ లీవు మీద ఇంటికి వెళ్తూ దారిలో ప్రమాదానికి గురైన మదన్ సింగ్ షెకావత్‌కు 1999లో సుప్రీంకోర్టు పింఛను ఇప్పించింది, టిక్కెట్టు సొంత డబ్బుతో కొన్నా సరే. దిగిపోయే ఏడాదిలో ఉన్నట్టుండి బీపీలు, షుగర్లు బయటపెట్టుకునే పెద్ద ర్యాంకులవాళ్ళ మీద విమర్శలున్నాయి. ఆ విమర్శల్లో నిజం ఉందనే నా అభిప్రాయం. దాని ఫలితమే 2023 సెప్టెంబరు 21 నుంచి వచ్చిన కొత్త నిబంధనలు. కొన్ని జబ్బుల విషయంలో అవి షరతులు బిగించాయి. అయితే అవి వెనకటి తేదీ నుంచి వర్తించవు. అంతకుముందు ఇంటికి వచ్చినవాళ్ళ కేసులు పాత నిబంధనల కిందే చూడాలి. కొత్త రూలు వచ్చిందట, ఇక మనకేం రాదట అని టీ కొట్టు దగ్గర ఎవరో అంటే నమ్మి దరఖాస్తు మానుకోవద్దు.

ఇక పింఛను ఇప్పటికే వస్తున్నవాళ్ళ సంగతి. వీళ్ళలో చాలామందికి రావాల్సిన దానికన్నా తక్కువ వస్తూ ఉండవచ్చు. ఇక్కడ కాస్త లెక్క చెప్తాను, పెన్సిలు ఉంటే రాసుకోండి.

నూరు శాతం వైకల్యానికి డిజేబిలిటీ ఎలిమెంట్ ఆఖరి జీతంలో 30 శాతం. లెక్కలోకి తీసుకునే ఆఖరి జీతం 50,000 రూపాయలు అనుకుందాం. నూరు శాతానికి 15,000. మీ వైకల్యం 20 శాతం అయితే అందులో అయిదో వంతు, అంటే 3,000. కానీ రౌండింగ్ ఆఫ్ అనే సదుపాయం ఉంది. 50 కన్నా తక్కువ ఉన్న శాతాన్ని 50గా, 50 నుంచి 75 దాకా ఉన్నదాన్ని 75గా, 76 నుంచి పైన ఉన్నదాన్ని 100గా తీసుకుంటారు. అప్పుడు మీ 3,000 కాస్తా 7,500 అవుతుంది. దాని మీద కరువు భత్యం వేరే.

ఈ సదుపాయాన్ని 1996 జనవరి 1 నుంచి వర్తించేలా ఇచ్చినప్పుడు, జబ్బుతో మధ్యలో పంపించేసినవాళ్ళకే అన్నారు. ఇరవై నాలుగేళ్ళు చేసి, నడుం నొప్పి డిస్కుతో రిటైరైన సుబేదారుకు లేదన్నారు. జబ్బుతోనే కాలమంతా నెట్టుకొచ్చినవాడికి తక్కువా, మధ్యలో వెళ్ళినవాడికి ఎక్కువా అన్న ప్రశ్న మీద వందల కేసులు నడిచాయి. 2014 డిసెంబరు 10న రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు ఇద్దరికీ సమానమేనని తేల్చింది. మీ పి.పి.ఓ. తీసి చూడండి. అందులో డిజేబిలిటీ శాతం ఇంకా 20 అనో 30 అనో ఉంటే, రౌండింగ్ మీకు అందలేదని అర్థం. రికార్డు ఆఫీసుకు ఒక దరఖాస్తు పెట్టాలి.

జబ్బు ముదిరితే శాతం పెంచమని అడగవచ్చా? అడగవచ్చు. 2001 ఫిబ్రవరి 7 నాటి రక్షణ శాఖ ఉత్తర్వు ప్రకారం, శాశ్వత వైకల్యమని ఒకసారి తేలితే అది జీవితాంతం చెల్లుతుంది. మళ్ళీ మళ్ళీ పిలిచి పరీక్షించే పాత పద్ధతి పోయింది. కానీ పింఛనుదారు తానే కోరుకుంటే రివ్యూ మెడికల్ బోర్డు పెడతారు. ఇక్కడ ఒక చిన్న తెలివి కావాలి. 30 శాతం ఉన్న మనిషికి రౌండింగ్ వల్ల ఇప్పటికే 50కి డబ్బు వస్తూ ఉంటుంది. బోర్డు దాన్ని 45 చేసినా చేతికి రూపాయి ఎక్కువ రాదు. 50 తాకితేనే 75 వరసలోకి వెళ్తాడు. తోప్‌ఖానాలో, అంటే ఆర్టిలరీలో పనిచేసి చెవులు పోగొట్టుకున్నవాళ్ళను నేను ఎరుగుదును. పక్కన కూర్చుని అరిస్తే గాని వినపడదు. అలాంటివాళ్ళు ముందు బయట ఇ.ఎన్.టి. డాక్టరు దగ్గర ఆడియోగ్రామ్ తీయించుకుని, వినికిడి ఎంత పడిపోయిందో చూసుకుని, అప్పుడు రివ్యూ అడగడం మంచిది. బోర్డు కొత్తగా లెక్కగట్టేటప్పుడు అంకె కిందికి కూడా రావచ్చు.

నూరు శాతం వైకల్యంతో మంచంలో ఉన్నవారికి కాన్‌స్టంట్ అటెండెన్స్ అలవెన్స్ అని, కనిపెట్టుకుని ఉండే మనిషి కోసం విడిగా డబ్బు వస్తుంది. మెడికల్ బోర్డు సిఫారసు చేయాలి. యుద్ధంలోనో ఉగ్రవాదులతో పోరులోనో గాయపడినవాళ్ళది వార్ ఇంజరీ పింఛను, ఆ లెక్కే వేరు. గాయం వల్ల పంపించేస్తే నూరు శాతానికి ఆఖరి జీతమంతా వార్ ఇంజరీ ఎలిమెంట్‌గా వస్తుంది. పోరులో తగిలిన గాయాన్ని మామూలు ప్రమాదంగా రాసేశారేమో పి.పి.ఓ.లో చూసుకోవాలి.

సరే, ఎక్కడ మొదలుపెట్టాలి? కాగితాల దగ్గర. మెడికల్ బోర్డు ప్రొసీడింగ్స్ కాపీ చాలామంది దగ్గర ఉండదు. సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల పోస్టల్ ఆర్డరు జతచేసి మీ రికార్డు ఆఫీసుకు రాయండి. ఎ.ఓ.సి., ఇ.ఎం.ఇ. వాళ్ళకు అది సికింద్రాబాదులోనే ఉంది. మద్రాస్ రెజిమెంటుకు వెల్లింగ్టన్‌లో, ఆర్టిలరీకి నాసిక్ రోడ్డులో, సిగ్నల్స్‌కు జబల్పూరులో. ముప్ఫై రోజుల్లో జవాబు రావాలి. పింఛను లేకుండా ఎప్పుడో వచ్చేసినవాళ్ళయితే త్వరపడండి. అలాంటివాళ్ళ ఫైళ్ళు 25 ఏళ్ళు దాటాక తీసిపారేస్తారు. లాంగ్ రోల్ అనే పెద్ద రిజిస్టరులో వాళ్ళ పేరు మాత్రం మిగులుతుంది.

కాగితాలు చేతికి వచ్చాక మొదటి అప్పీలు. అది తిరస్కరిస్తే రెండో అప్పీలు. ఆ తర్వాత సాయుధ దళాల ట్రిబ్యునల్. 2007లో చట్టం చేస్తే 2009 ఆగస్టులో పని మొదలుపెట్టింది. మన రెండు తెలుగు రాష్ట్రాలూ చెన్నై బెంచి కిందికి వస్తాయి. వకీలును పెట్టుకోవచ్చు, మీరే నిలబడి వాదించుకోవచ్చు. అక్కడా కాదంటే హైకోర్టుకు వెళ్ళే తోవ ఉందని 2023లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

"ఎప్పుడో పాతికేళ్ళ కిందటి మాట, ఇప్పుడు వింటారా బాబాయ్" అని అడుగుతారు. వింటారు. తార్సేమ్ సింగ్ అనే జవాన్ని 1983లో పంపించేస్తే 1999లో గాని కోర్టుకు వెళ్ళలేదు. పింఛను ప్రతి నెలా రావాల్సింది కాబట్టి ఇవ్వకపోవడం ప్రతి నెలా జరిగే తప్పు, ఆలస్యమైందని గెంటేయకూడదు అని 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే పాత బకాయి కోర్టుకు వెళ్ళిన తేదీకి వెనక మూడేళ్ళకే ఇస్తారు. అంటే మీరు ఊరుకున్న ప్రతి నెలా ఒక నెల బకాయి వెనక నుంచి రాలిపోతూ ఉంటుంది. భర్త పోయిన ఇల్లాలు కూడా ఆయనకు రావాల్సిన బకాయి కోసం పోరాడవచ్చు. ఈ సంగతి మన ఊళ్ళల్లో ఆడవాళ్ళకు చెప్పేవాళ్ళే లేరు. అందుకే ఇంకోసారి చెప్తున్నాను: ఆయన పోయాడని హక్కు పోలేదు.

ఈ అప్పీళ్ళు ఇంతలా పెరగడంలో ప్రభుత్వం తప్పు కూడా ఉంది. తేలిపోయిన విషయాల మీద కూడా సొంత జవాన్ల మీదికే అప్పీళ్ళకు వెళ్తున్నారని గమనించి, 2015లో అప్పటి రక్షణ మంత్రి మనోహర్ పారికర్ ఒక నిపుణుల కమిటీ వేశారు. వికలాంగ జవాన్ల మీద కేసులు తగ్గించండని అది నివేదిక ఇచ్చింది. ఆ నివేదిక వచ్చాక కూడా, 20 శాతం మనిషి మీద ఢిల్లీ దాకా అప్పీళ్ళు వెళ్తూనే ఉన్నాయి. ఇచ్చే పింఛను కన్నా వకీళ్ళ ఖర్చే ఎక్కువేమోనని నాకు అనుమానం.

సాయానికి జిల్లా సైనిక సంక్షేమాధికారి కార్యాలయం ఉంది. పైసా తీసుకోకుండా దరఖాస్తు పంపిస్తారు. 2025 జులైలో జాతీయ న్యాయ సేవల సంస్థ వీర్ పరివార్ సహాయతా యోజన మొదలుపెట్టింది. సైనిక్ బోర్డుల్లో ఉచిత న్యాయ సలహా కేంద్రాలు పెట్టడం దాని ఉద్దేశం. మీ జిల్లాలో తెరిచారో లేదో అడగండి. ఇవన్నీ ఉండగా, వచ్చే బకాయిలో వాటా ఇస్తే పని చేయిస్తానంటూ తిరిగే ఏజెంట్లు కూడా ఉన్నారు. అలాంటివాళ్ళకు ఒరిజినల్ పి.పి.ఓ. ఇవ్వొద్దు. పింఛను వచ్చే స్పర్శ్ పోర్టల్ పాస్‌వర్డు ఇవ్వొద్దు. ఫోన్‌కు వచ్చిన ఓ.టి.పి. అసలు చెప్పొద్దు.

చివరగా, ఇంకా సర్వీసులో ఉన్న పిల్లల తల్లిదండ్రులకు. తాడేపల్లిగూడెం పక్కన మిలిటరీ మాధవరం లాంటి ఊళ్ళల్లో ఇంటికొకరు సైన్యంలో ఉంటారు. అగ్నివీరులుగా వెళ్ళిన కుర్రాళ్ళకు ఈ నెలవారీ పింఛను లేదు. సర్వీసు వల్ల వైకల్యం కలిగితే ఒకేసారి ఇచ్చే సొమ్ము ఉంది. నూరు శాతానికి 44 లక్షలు, 75 శాతానికి 25 లక్షలు, 50 శాతానికి 15 లక్షలు. పింఛనైనా, ఈ సొమ్మైనా, సర్వీసుతో సంబంధం ఉందని కాగితం మీద ఉంటేనే. కుర్రాడు ఫోన్ చేసి, పి.టి.లో పడ్డాను, మోకాలు వాచింది, తగ్గిపోతుందిలే అంటాడు. తగ్గాక కూడా ఇంజరీ రిపోర్టు రాయించుకోమని చెప్పండి. ఎక్కడ, ఏ తేదీన, ఏ డ్యూటీలో ఉండగా తగిలిందో కమాండింగ్ ఆఫీసరు సంతకంతో ఉండాలి. దాని ఫోటో ఒకటి మీ ఫోనుకు పంపించమనండి.